డ్రైవరు కన్ను 33.5 మిల్లీమీటర్ల ఎత్తులో: నమూనా రైలు నుంచి వీడియో తీసిన ప్రాజెక్టు డైరీ

హెచ్‌వో అనే కొలతలో చేసిన నమూనా రైలు ముందు భాగంలో కెమెరా పెట్టి, డ్రైవరు కంటికి కనిపించే దృశ్యాన్ని నమ్మదగినట్టు తీయడానికి చేసిన పని వివరం ఇది. ఇదే పని చేయదలచినవారు కొలతలను నేరుగా తీసుకోవచ్చు, నేను పడిన గోతులను పక్కనుంచి దాటిపోవచ్చు. మొదటి వారం ఉత్సాహాన్ని వదిలేసి, వ్యాగన్ తొలిసారి పట్టాలు తప్పిన చోటి నుంచి మొదలుపెడుతున్నాను. వీడియోలో బొమ్మ రైలు బొమ్మ రైలుగానే కనిపించిన ప్రతిసారీ నేను లోపాన్ని కెమెరాలో వెతికాను. చాలాసార్లు అది వ్యాగన్‌లోనో, పట్టాల మీదో, వెనక తెర మీదో ఉంది. ఈ పనికి పట్టిన గంటల్లో దాదాపు సగం ఆ పొరపాటుకే ఖర్చయ్యాయి.

లక్ష్యంగా పెట్టుకున్న కొలతలు

హెచ్‌వో అంటే 1:87 నిష్పత్తి, పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. నిజమైన ఇంజనులో కూర్చున్న డ్రైవరు కన్ను పట్టాల పైనుంచి 2.8 మీటర్ల ఎత్తులో ఉంటుందని లెక్క వేసుకున్నాను. 87తో భాగిస్తే 32 మి.మీ. వస్తుంది. గంటకు 60 కి.మీ. వేగం అంటే సెకనుకు 16.67 మీటర్లు, నమూనాలో సెకనుకు 19.2 సెం.మీ. లేఅవుట్ (పట్టాలు, పరిసరాలు అమర్చిన నమూనా మొత్తం) కొలత 4.2 × 1.8 మీటర్లు, అందులో అతి పొడవైన తిన్నని దారి 2.4 మీటర్లు. ఆ తిన్నని దారిలో 2 మీటర్ల దూరానికి రెండు గుర్తులు పెట్టి, స్టాప్‌వాచ్‌తో 10.4 సెకన్లు వచ్చేవరకు కంట్రోలర్ మెట్టును సరిచేశాను. వేగాన్ని కంటితో అంచనా వేయకండి. నా అంచనా ప్రకారం నిదానంగా వెళ్తున్న రైలు, కొలిచి చూస్తే గంటకు 110 కి.మీ. లెక్కన పరుగెడుతోంది.

మొదటి దశ: అన్నీ పైన పేర్చిన వ్యాగన్

15 సెం.మీ. పొడవున్న చదునైన వ్యాగన్ తీసుకుని, దాని బల్ల మీద సామాను వరసగా అంటించాను. కెమెరా 8 మెగాపిక్సెళ్ల బోర్డు రకం, దాని లెన్స్ నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) 3.04 మి.మీ., అపర్చర్, అంటే కాంతి లోపలికి వచ్చే ద్వారం, ఎఫ్/2. రికార్డు చేయడానికి ఒక చిన్న బోర్డు కంప్యూటర్, 500 మిల్లీ ఆంపియర్-అవర్ లిథియం పాలిమర్ సెల్, దాని 3.7 వోల్టులను 5 వోల్టులకు పెంచే సర్క్యూట్ ఉన్నాయి. ఇంజను వెనక నుంచి నెడుతుంది, కెమెరా వ్యాగన్ ముందు నడుస్తుంది, కాబట్టి దృశ్యంలో ఇంజను కనిపించదు.

బరువుల పట్టీ: ఖాళీ వ్యాగన్ 48 గ్రా., కెమెరా 3, బోర్డు 10, సెల్ 11, సర్క్యూట్ 4, తీగలు, బిగింపులు కలిపి 9. మొత్తం 85 గ్రా.

ఇరవై చుట్లలో ఏడుసార్లు పట్టాలు తప్పింది, ఏడుసార్లూ పాయింట్ల (రైలును ఒక దారి నుంచి మరో దారికి మళ్లించే పట్టాల) దగ్గరే. పాయింట్లను పట్టుకుని రెండు సాయంత్రాలు ఆకురాయితో రుద్దాను, ఫలితం లేదు. తరువాత బరువు సంగతి తట్టింది. అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ సిఫార్సు ప్రకారం హెచ్‌వో వాహనానికి 1 అవున్సు, దానిపై పొడవులో ప్రతి అంగుళానికి అర అవున్సు బరువు ఉండాలి. 15 సెం.మీ. అంటే 5.9 అంగుళాలు, లెక్క 112 గ్రాముల దగ్గర తేలుతుంది. నా వ్యాగన్ 27 గ్రాములు తక్కువ తూగడమే కాక, దాన్ని వెనక నుంచి నెడుతున్నాను. లాగే బండిని కప్లింగే (రెండు బండ్లను కలిపే కొక్కెమే) దారిలో పెడుతుంది. నెట్టే బండి మాత్రం తేలికగా ఉంటే వంపులో పక్కకు ఎక్కేస్తుంది.

పట్టాలు తప్పని పదమూడు చుట్లూ పనికిరాలేదు. మా అమ్మాయి ఒక్క చుట్టు చూసి, "రైలు ఎగురుతున్నట్టుంది నాన్నా" అని వెళ్లిపోయింది. లెన్స్ ఎత్తు కొలిస్తే 52 మి.మీ. ఉంది, అంటే నిజ ప్రపంచంలో 4.5 మీటర్లు. ఇంజను పైకప్పు మీద నిలబడి తీసినట్టు అన్నమాట.

ఇప్పటివరకు: బరువు 85 గ్రా., లెన్స్ ఎత్తు 52 మి.మీ., టేకులు 20, పనికొచ్చినవి 0, పని గంటలు 14.

రెండో దశ: లెన్స్‌ను కిందికి దించడం

బల్ల మీద ఉన్నంతకాలం లెన్స్ కిందికి రాదు, కాబట్టి బల్లనే కోయాల్సి వచ్చింది. ఇక్కడ ట్రక్కు అంటే వాహనం కింద నాలుగు చక్రాలను మోసే చట్రం. ఇంగ్లీషువారు దాన్ని బోగీ అంటారు, మనకు బోగీ అంటే రైలు పెట్టె కాబట్టి ఆ మాట వాడలేదు.

1. రెండు ట్రక్కుల మధ్య బల్లను 62 మి.మీ. పొడవున కోసి, అంచుల్లో 4 మి.మీ. పట్టీలను మాత్రం ఉంచాను.
2. 0.5 మి.మీ. ఇత్తడి రేకును తొట్టిలా వంచి, ఆ కోతలో వేలాడదీసి టంకం వేశాను. బోర్డు, సెల్ అందులోకి దిగాయి.
3. కెమెరాను ముందు ట్రక్కు పైన తలకిందులుగా బిగించాను. ఇలా పెడితే తీగ పట్టీ పైనుంచి వెళ్తుంది, లెన్స్ కిందికి వస్తుంది. దృశ్యాన్ని సాఫ్ట్‌వేర్‌లో 180 డిగ్రీలు తిప్పుకోవచ్చు.
4. మిగిలిన సందుల్లో 26 గ్రాముల ఉక్కు ముక్కలు అంటించాను, వీలైనంత కింద, రెండు ట్రక్కుల మీద సమానంగా.

లెన్స్ ఎత్తును బల్ల నుంచి కొలవకూడదు. రెండు పట్టాల మీద అడ్డంగా ఒక గాజు పలక పెట్టి, ఆ పలక పై తలం నుంచి లెన్స్ మధ్యకు కాలిపర్‌తో కొలిచి, పలక మందాన్ని కలపాలి. నేను మొదట సరిగ్గా 32 మి.మీ.కు దించాను. అప్పుడు తొట్టి అడుగు, పట్టాల పై అంచు మధ్య 1 మి.మీ. సందు మాత్రమే మిగిలింది. లెవెల్ క్రాసింగ్ దగ్గర రెండు పట్టాల మధ్య నేను అంటించిన చెక్క పలక ఒక మూల పైకి లేచి ఉంది. అక్కడ తొట్టి అంచు తగిలి, వ్యాగన్ నిలువునా లేచి, ఇంజను నెట్టడం ఆపక, కెమెరా ముందుకు బోర్లా పడింది. లెన్స్ మీద గీత పడలేదు, అది అదృష్టం. తొట్టిని 1.5 మి.మీ. పైకి ఎత్తి 33.5 దగ్గర స్థిరపరిచాను. 87తో గుణిస్తే 2.91 మీటర్లు, ఏ డ్రైవరూ అభ్యంతరం చెప్పని ఎత్తు. పలకను కూడా సాపు చేశాను. అసలు ముందే చేయాల్సిన పని అది.

బరువులో బల్ల కోత వల్ల 5 గ్రా. తగ్గింది, ఇత్తడి వల్ల 7, ఉక్కు వల్ల 26 పెరిగాయి. ఆ తరువాత తీసిన తొమ్మిది చుట్లలో ఒక్కసారి కూడా పట్టాలు తప్పలేదు.

ఇప్పటివరకు: బరువు 113 గ్రా., లెన్స్ ఎత్తు 33.5 మి.మీ., టేకులు 29, పనికొచ్చినవి 0, పని గంటలు 25.

మూడో దశ: ఫోకస్, దానితో పోయిన ఒక కెమెరా

ఎత్తు సరిపోయాక అసలు లోపం బయటపడింది. ముందున్న స్లీపర్లు, కంకర, సిగ్నల్ స్తంభం అన్నీ మసక, గది అవతలి గోడ మాత్రం స్పష్టం. నిజమైన రైలు నుంచి తీసిన వీడియోలో పది మీటర్ల అవతలి స్లీపరూ, కిలోమీటరు అవతలి చెట్టూ రెండూ స్పష్టంగానే ఉంటాయి. దగ్గరి వస్తువు మసకబారితే, తీసినది చిన్న వస్తువునని కన్ను వెంటనే పసిగడుతుంది. దూరపు కొండ మసకబారితే మాత్రం మంచు అనుకుని ఊరుకుంటుంది. ఈ దశలోని నిర్ణయాలన్నీ ఆ తేడాను ఆధారం చేసుకున్నవే.

లెక్క ఇలా ఉంటుంది. నాభ్యంతరం వర్గాన్ని, అపర్చర్ సంఖ్య (నాభ్యంతరాన్ని ద్వారం వ్యాసంతో భాగిస్తే వచ్చేది), అనుమతించదగిన మసక చుక్క వ్యాసం, ఈ రెంటి లబ్ధంతో భాగిస్తే ఒక దూరం వస్తుంది. ఫోకస్‌ను ఆ దూరానికి పెడితే, అందులో సగం నుంచి అనంతం వరకు అంతా ఆమోదయోగ్యంగా ఉంటుంది. మసక చుక్కను 4.5 మైక్రాన్లుగా తీసుకున్నాను. 3.04 వర్గం 9.24, దాన్ని 2 × 0.0045తో భాగిస్తే 1.03 మీటర్లు. అంటే ఈ లెన్స్‌తో అర మీటరు లోపలి వస్తువును, దూరపు వస్తువును కలిపి స్పష్టంగా తీయడం కుదరదు. ఫోకస్‌ను 30 సెం.మీ.కు లాగితే 23 నుంచి 42 సెం.మీ. వరకే స్పష్టత ఉంటుంది, అంటే అటూ ఇటూ మసకే.

ఫోకస్ మార్చడం చెప్పినంత తేలిక కాదు. ఈ రకం కెమెరాల్లో లెన్స్ గొట్టానికి మరలు ఉంటాయి, కాని కదలకుండా గమ్ చుక్క వేసి ఉంటుంది. నేను సన్న మూతి పట్టకారుతో గొట్టాన్ని పట్టుకుని తిప్పాను. గమ్ వదలలేదు. గొట్టంతో పాటు సెన్సరు గూడు మొత్తం తిరిగి, దాన్ని బోర్డుకు కలిపే వేలి గోరంత పట్టీ చిరిగింది. శబ్దం కూడా రాలేదు, తెర మీద దృశ్యం నల్లబడింది, అంతే. రెండో కెమెరాకు చేసిన పద్ధతి ఇది:

1. గమ్ చుక్కను సూది మొనతో, భూతద్దం కింద, ముక్కలు ముక్కలుగా గీకి తీయాలి. ద్రావకాలు వాడకూడదు, అవి లెన్స్ లోపలికి పాకుతాయి.
2. సెన్సరు గూడును రెండు వేళ్ల మధ్య గట్టిగా పట్టుకోవాలి, బోర్డును కాదు.
3. గొట్టం అంచు పళ్లకు సరిపోయే ప్లాస్టిక్ చక్రంతో అపసవ్య దిశలో కొద్దికొద్దిగా తిప్పాలి.
4. 30 సెం.మీ. దూరంలో అచ్చు కాగితం నిలబెట్టి, అక్షరాల అంచులు పదునుగా వచ్చే చోట ఆపాలి.

తరువాత అపర్చర్. ఎఫ్/2 దగ్గర ఈ లెన్స్ ద్వారం 1.52 మి.మీ. ఉంటుంది. 0.1 మి.మీ. ఇత్తడి రేకులో డ్రిల్ బిట్టుతో చిన్న రంధ్రం చేసి, నల్లరంగు వేసి, లెన్స్ ముందు అంటించాను. ఆశ కొద్దీ మొదట 0.5 మి.మీ. రంధ్రం చేశాను. అపర్చర్ సంఖ్య 6 దాటింది, స్పష్టత లోతు పెరగాల్సింది పోయి దృశ్యమంతా ఒకేలా మెత్తబడింది. అంత చిన్న రంధ్రంలో కాంతి వివర్తనం చెంది (అంచుల దగ్గర వంగి విస్తరించి), ఒక్కో బిందువు 8 మైక్రాన్ల చుక్కగా పరుచుకుంటుంది, అంటే నేను అనుమతించినదానికి దాదాపు రెట్టింపు. మూలలు కూడా నల్లబడ్డాయి.

0.7 మి.మీ. రంధ్రంతో అపర్చర్ సంఖ్య 4.3 అయింది. 30 సెం.మీ.కు ఫోకస్ పెడితే లెక్క ప్రకారం 18 నుంచి 82 సెం.మీ. వరకు స్పష్టత ఉండాలి. లేఅవుట్ మీద 5 సెం.మీ.కొకటి చొప్పున అంకెలు రాసిన అట్టముక్కలు నిలబెట్టి చూస్తే 20 నుంచి 75 వరకు చదవగలిగాను. 75 సెం.మీ. అంటే నిజంలో 65 మీటర్లు, దాని అవతల ఉన్నది మంచులో కలిసినట్టుంది. మూలల చీకటి పూర్తిగా పోలేదు కాని, కిటికీ చట్రం నీడలా సరిపోయింది. రంధ్రం అంచును ఉప్పు కాగితంతో రెండువైపులా నున్నగా రుద్దకపోతే దీపాల చుట్టూ చుక్కల వలయాలు వస్తాయి, గమనించండి.

ఇప్పటివరకు: బరువు 114 గ్రా., లెన్స్ ఎత్తు 33.5 మి.మీ., టేకులు 47, పనికొచ్చినవి 1, పాడైన కెమెరాలు 1, పని గంటలు 47.

నాలుగో దశ: వణుకు

ఆ పనికొచ్చిన ఒక్క టేకు కూడా ఆగి ఉన్న రైలుది. కదలగానే దృశ్యం వణికింది, అదీ బరువైన రైలు ఊగినట్టు కాదు, చీమ పరుగెత్తినట్టు. వీడియోను స్థిరపరిచే సాఫ్ట్‌వేర్‌తో దాచాలని చూస్తే పట్టాలు జెల్లీలా వంగాయి. సెన్సరు దృశ్యాన్ని వరస వెంట వరసగా చదువుతుంది కాబట్టి, చదివే మధ్యలో వచ్చిన వణుకును తరువాత సరిచేయడం దాదాపు అసాధ్యం.

కారణాలు నాలుగు తేలాయి. ఒకటి, కెమెరాను ముందు ట్రక్కు మీద బిగించడం. పాయింట్ల దగ్గర ట్రక్కు చటుక్కున తిరిగినప్పుడల్లా డ్రైవరు మెడ విరిచినట్టు కనిపించింది. కెమెరాను ట్రక్కు నుంచి తీసి, వ్యాగన్ దేహానికి ముందు అంచున బిగించాను. రెండు, రెండు ట్రక్కులూ గట్టిగా బిగిసి ఉండటం. వెనక ట్రక్కును అటూ ఇటూ తిరిగేంత మాత్రమే వదిలి, ముందుదాన్ని అన్ని వైపులా కాస్త ఊగేలా స్క్రూ వదులు చేస్తే, వ్యాగన్ మూడు కాళ్ల పీట లాగా ఏ వంకర మీదైనా కుదురుగా నిలుస్తుంది. మూడు, ప్లాస్టిక్ చక్రాలు. బల్ల మీద దొర్లిస్తే రెండు జతలు కంటికి తెలిసేంతగా ఊగాయి. లోహపు చక్రాలు వేసి, పెరిగిన 12 గ్రాములకు బదులుగా ఉక్కు ముక్కల్లో అంతే బరువు తీసేశాను. నాలుగు, కప్లింగ్‌లోని 2 మి.మీ. సందు. నెట్టేటప్పుడు ఆ సందు తెరుచుకుని మూసుకుంటూ తల ఊపినట్టు చేస్తుంది. కప్లింగ్‌కు బదులు 1 మి.మీ. ఉక్కు తీగను రెండు చివర్లా వంచి కొక్కెంగా పెట్టాను.

ఇంత చేసినా కొంత వణుకు మిగిలింది, అది భౌతిక శాస్త్రం వల్ల వచ్చేది. చిన్న వస్తువు పడినా ఊగినా పెద్ద వస్తువు కంటే త్వరగా ఆ పని పూర్తి చేస్తుంది. సినిమాల్లో నమూనాలను తీసేవారు అందుకే నిష్పత్తి వర్గమూలం మేరకు ఎక్కువ వేగంతో చిత్రించి నెమ్మదిగా చూపిస్తారు. 87 వర్గమూలం 9.3, అంటే సెకనుకు 30 ఫ్రేముల వీడియోకు 280 ఫ్రేములు తీయాలి. అయితే రైలును కూడా అన్ని రెట్లు వేగంగా, సెకనుకు దాదాపు 1.8 మీటర్ల చొప్పున నడపాలి. నా ఇంజను అంత వేగం అందుకోదు, అందుకున్నా మొదటి వంపులోనే నేల మీద ఉంటుంది. కాబట్టి రాజీ పడి సెకనుకు 60 ఫ్రేములు తీసి 30లో చూపించాను. రైలు వేగం సెకనుకు 38 సెం.మీ., అంటే 2 మీటర్లకు 5.2 సెకన్లు.

ఈ కెమెరా 1080 వరసల రీతిలో సెకనుకు 30 ఫ్రేములే ఇస్తుంది, 60 కావాలంటే 720కి దిగాలి. దిగడానికి వారం రోజులు మనసొప్పలేదు. దిగాక తెలిసిన సంగతి, 1080 రీతి సెన్సరు మధ్య భాగాన్ని మాత్రమే కోసి ఇస్తోంది, అడ్డంగా 39 డిగ్రీలే కనిపిస్తోంది. 720 రీతిలో అది 50 డిగ్రీలు. చిత్రం చిన్నదైంది కాని చూపు విశాలమైంది, వణుకు సగానికి నెమ్మదించి బండికి బరువు వచ్చింది. దుర్భిణి పట్టుకుని చూసినట్టుండే బిగుతు కూడా పోయింది.

డీసీసీ (పట్టాల ద్వారా డిజిటల్ ఆదేశాలు పంపి ఇంజన్లను నడిపే పద్ధతి) వాడేవారికి ఒక సవరణ ఉంది. వేగం మెట్లను 28 నుంచి 128కి మార్చకపోతే ప్రతి మెట్టూ దృశ్యంలో కుదుపుగా కనిపిస్తుంది. వేగం పుంజుకునే సమయాన్ని నిర్ణయించేది సీవీ 3 అనే సెట్టింగు, అందులోని విలువను 0.896తో గుణిస్తే ఆగిన స్థితి నుంచి పూర్తి వేగానికి పట్టే సెకన్లు వస్తాయి. 12 పెడితే దాదాపు 10.8 సెకన్లు, తెర మీద రెట్టింపై 21.5 సెకన్లు.

ఇప్పటివరకు: బరువు 114 గ్రా., లెన్స్ ఎత్తు 33.5 మి.మీ., టేకులు 83, పనికొచ్చినవి 6, పని గంటలు 71.

ఐదో దశ: వెలుతురు

0.7 మి.మీ. రంధ్రం కాంతిని 4.7 రెట్లు తగ్గించింది. షటర్ (ఒక్కో ఫ్రేముకు కాంతి పడే సమయం) సెకనులో 1/60 నుంచి 1/100కు వెళ్లడంతో మరో 1.67 రెట్లు పోయింది. కలిపితే ఎనిమిది రెట్లకు కాస్త తక్కువ. సెన్సరు సున్నితత్వాన్ని పెంచి నెట్టుకొద్దామని చూస్తే సొరంగం లోపల రంగురంగుల గింజలు కదిలాయి. లేఅవుట్ పైన ఒకే వరసగా మరో రెండు ఎల్‌ఈడీ పలకలు వేలాడదీశాను. ఒకే వరస ఎందుకంటే, దీపాలను రెండు పక్కలా పెట్టిన రోజు ప్రతి స్తంభానికీ రెండు నీడలు పడ్డాయి, ఆకాశంలో ఇద్దరు సూర్యులున్నట్టు.

దీపాల మినుకు విషయంలో రెండు సంగతులు. 50 హెర్ట్జ్ సరఫరా ఉన్నచోట షటర్‌ను 1/50 లేదా 1/100, 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/60 లేదా 1/120 పెడితే ఆ మినుకు కనిపించదు. ఎల్‌ఈడీ కాంతిని తగ్గించే రెగ్యులేటర్ ఉంటే మాత్రం ఈ లెక్క పనిచేయదు. అది కాంతిని నిజంగా తగ్గించదు, వేగంగా ఆర్పి వెలిగిస్తుంది, ఆ ఆర్పడాలన్నీ దృశ్యంలో అడ్డచారలుగా పడతాయి. రెగ్యులేటర్ తీసేసి, కాంతి ఎక్కువైన చోట పలకకు పల్చని తెల్ల కాగితం అంటించాను.

ఎక్స్‌పోజర్‌ను (వెలుగు సర్దుబాటును), తెలుపు సమతూకాన్ని (రంగుల సర్దుబాటును) టేకు మొదట్లోనే బిగించేయాలి. కెమెరాకు వదిలేస్తే సొరంగంలోకి వెళ్లగానే చీకటిని వెలుగు చేసి, లోపలి ప్లైవుడ్‌ను, తీగలను, నేను మరచిపోయిన పెన్సిలు గీతలను లోకానికి చూపిస్తుంది.

ఇప్పటివరకు: బరువు 114 గ్రా., టేకులు 96, పనికొచ్చినవి 9, పని గంటలు 80.

ఆరో దశ: కెమెరా కాదు, లేఅవుట్

ఇక్కడికి వచ్చాక కెమెరాలో మార్చడానికి ఏమీ మిగల్లేదు, వీడియో మాత్రం ఇంకా బొమ్మదే. ఒక టేకును ఫ్రేము వెంట ఫ్రేముగా ఆపి, కంటికి అబద్ధం అనిపించిన ప్రతిదాన్నీ కాగితం మీద రాసుకున్నాను. ఇరవై మూడు తేలాయి. ఇంతకుముందు ఎనభై గంటలు పనిచేస్తే తెలియనిది ఈ ఒక్క సాయంత్రం తెలిసింది. అందులో పెద్దవి చెబుతాను.

కంకర. నేను వాడిన గింజలు సగటున 1.2 మి.మీ. ఉన్నాయి. నిలబడి చూస్తే బాగుంటాయి, డ్రైవరు కంటికి అవి 10 సెం.మీ. బండరాళ్లు. నిజమైన కంకర 3 నుంచి 6 సెం.మీ. ఉంటుంది కాబట్టి గింజ 0.35 నుంచి 0.7 మి.మీ. మధ్య ఉండాలి. కెమెరా వెళ్లే దారి మేరకు పాత కంకరను తడిపి గీకి, సన్నది జల్లెడ పట్టి వేశాను. ఈ ఒక్క పనికే ఇరవై గంటలు. సన్న కంకరతో ఇంకో చిక్కు వచ్చింది. రికార్డింగ్ వేగం సెకనుకు 8 మెగాబిట్లు ఉన్నప్పుడు కదిలే కంకర అంతా ఉప్మాలా ముద్దయింది, 25కు పెంచితే గింజలు విడివిడిగా కనిపించాయి. వైర్‌లెస్‌లో ఇంత దత్తాంశం సాఫీగా రాలేదు, సొరంగంలో మరీ తెగిపోయింది, కాబట్టి వ్యాగన్‌లోని మెమరీ కార్డు మీదే రికార్డు చేశాను.

పట్టాలు. నమూనా పట్టాలకు ఇచ్చే కోడ్ సంఖ్య అంటే అంగుళంలో వెయ్యో వంతుల్లో వాటి ఎత్తు. కోడ్ 100 పట్టా ఎత్తు 2.54 మి.మీ., నిజంలో 22 సెం.మీ. అవుతుంది. ప్రధాన మార్గాల్లో వాడే బరువైన యూఐసీ 60 పట్టా కూడా 17.2 సెం.మీ.లే. కోడ్ 83 అయితే 18.3 దగ్గర ఉంటుంది. తిన్నని దారిలో కోడ్ 83 వేసి, మిగిలిన చోట్ల పట్టా పక్కలకు తుప్పురంగు పూసి ఎత్తును కప్పిపుచ్చాను. పై అంచు మాత్రం మెరవాలి.

దుమ్ము. టేకు 104లో పట్టాల మధ్య ఒక నల్లని తాడు వంకరగా పడి ఉంది, రైలు దాని మీదుగా వెళ్లింది. వెళ్లి చూస్తే అది తల వెంట్రుక. 0.07 మి.మీ. వెంట్రుక ఈ ప్రపంచంలో 6 మి.మీ. తాడు. అప్పటి నుంచి ప్రతి టేకు ముందు దారి పొడవునా మెత్తని బ్రష్షు, ఆపై వాక్యూమ్ తప్పనిసరి చేసుకున్నాను.

వంపులు. పాత వంపుల వ్యాసార్ధం 457 మి.మీ., నిజంలో 40 మీటర్లు, ఊరి మధ్య ట్రాము తిరిగే మలుపు. కనిపించే వైపు 760 మి.మీ.కు పెంచాను, అది కూడా 66 మీటర్లే. స్థలం ఇంతకు మించి ఒప్పుకోదు. అసలు తేడా తెచ్చింది వ్యాసార్ధం కాదు, వంపులోకి ప్రవేశం. తిన్నని పట్టా ఒక్కసారిగా వంపైనప్పుడు దృశ్యం పక్కకు విసిరినట్టు తిరుగుతుంది. వంగే పట్టాతో 300 మి.మీ. పొడవున మెల్లగా వంపు పెంచుతూ వేస్తే ఆ విసురు పోతుంది. దానికోసం అసలు వంపును లోపలికి ఎంత జరపాలంటే, ఈ పరివర్తన భాగం (మెల్లగా వంపు పెంచిన భాగం) పొడవు వర్గాన్ని వ్యాసార్ధానికి 24 రెట్లతో భాగించాలి. 90,000ను 18,240తో భాగిస్తే 5 మి.మీ.

వెనక తెర. దిగంతం ఎప్పుడూ చూసేవారి కంటి ఎత్తులోనే ఉంటుంది. నేను దాన్ని నిలబడి చూసే మనిషి కోసం పట్టాలకు 20 సెం.మీ. పైన గీసి ఉన్నాను, డ్రైవరు కంటికి పొలాలు గోడలా నిలబడ్డాయి. ఆ పొలాల మీద పల్చని నీలి బూడిద రంగు పూసి కొండలుగా మార్చి, తెర అడుగున చెట్ల వరస నాటాను. తెర ఎత్తు కూడా చాలలేదు. కెమెరా సమతలంగా ఉంటే 2.4 మీటర్ల అవతల అది 67 సెం.మీ. ఎత్తు వరకు చూస్తుంది, నా తెర 45 సెం.మీ. కెమెరాను 4 డిగ్రీలు కిందికి వంచితే అవసరం 49కి తగ్గింది. తెరకు పైన 10 సెం.మీ. అట్ట అతికించాను. అంతకుముందు వరకు ప్రతి టేకులో మబ్బుల పైన ట్యూబులైటు వెలుగుతూ ఉంది, నేనే గమనించలేదు.

సొరంగం. ముఖద్వారం నుంచి 25 సెం.మీ. వరకు రాతి పొర వేసి, దాని అవతల మాట్ నలుపు పూశాను.

ఇప్పటివరకు: బరువు 114 గ్రా., టేకులు 131, పనికొచ్చినవి 31, పని గంటలు 129.

ఏడో దశ: ఇప్పుడు పాటిస్తున్న వరస

1. దారి బ్రష్షు, వాక్యూమ్. ఇంజను చక్రాలు, పట్టాల పైభాగం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం.
2. పాయింట్లన్నీ చేత్తో ఒకసారి వేసి చూడటం.
3. రికార్డింగ్ లేకుండా రెండు చుట్లు. ఇంజను వేడెక్కితే వేగం మారుతుంది కాబట్టి 5.2 సెకన్లను మళ్లీ సరిచూడటం.
4. ఎక్స్‌పోజర్, రంగు బిగించడం. షటర్ 1/100.
5. గదిలో మనుషులు కదలకుండా, నల్ల చొక్కాతో కంట్రోలర్ దగ్గర నేను ఒక్కడినే ఉండటం. తెల్ల చొక్కా వేసుకున్న రోజు స్టేషన్ పైన ఆకాశంలో ఏదో తెల్లని మేఘం కదిలింది.
6. ఒక్కో సెల్‌తో నాలుగు టేకులు, ఆపై మార్చడం. లెక్క ప్రకారం గంట రావాల్సిన సెల్ 41 నిమిషాలే వస్తోంది. చివరి నిమిషాల్లో వోల్టేజి పడి రికార్డింగ్ ఆగితే ఆ ఫైలు తెరుచుకోదు, రెండుసార్లు పోగొట్టుకున్నాక ఈ నియమం పెట్టుకున్నాను.

ధ్వనిని కెమెరా దగ్గర తీయడం వ్యర్థం, గేర్ల కీచు తప్ప ఏమీ రాదు, దాన్ని విడిగా కలపాలి.

మొత్తం: బరువు 114 గ్రా., లెన్స్ ఎత్తు 33.5 మి.మీ., టేకులు 158, పనికొచ్చినవి 52, పాడైన కెమెరాలు 1, పని గంటలు 140.

ఇరవై మూడు లోపాల జాబితాలో నాలుగు ఇంకా కొట్టేయలేదు. సొరంగం నుంచి బయటికి వచ్చేటప్పుడు ముఖద్వారం అంచు మందం 6 మి.మీ. ఉన్నట్టు కనిపిస్తోంది, దాన్ని లోపలి వైపు ఏటవాలుగా గీకాలి. పట్టా అతుకుల దగ్గర 1 మి.మీ. సందులు రెండు ఉన్నాయి, అవి నిజంలో దాదాపు 9 సెం.మీ., పట్టా రంగు ప్లాస్టిక్ ముక్కలతో పూడ్చాలి. ప్లాట్‌ఫారం మీద బొమ్మ మనిషి కాళ్ల కింద గమ్ వలయం మెరుస్తోంది, దానిపై మాట్ వార్నిష్ ఒక చుక్క చాలు. నాలుగోది సిగ్నల్ స్తంభం కొద్దిగా దారి వైపు వాలడం. దాన్ని నిటారుగా నిలబెట్టడానికి మూడుసార్లు ప్రయత్నించి, మూడోసారి విరిచాను.